మానవమాత్రుల కోసం ఒక ఎడిటర్

మా లింగాల మండలం నుంచి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకో, పులివెందుల జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీకో వెళ్లిన పిల్లలు లినక్స్ కంప్యూటర్ ముందు తొలిసారి కూర్చున్నప్పుడు ఒక వింత చూడొచ్చు. వీఐ అనే ఎడిటర్ తెరుస్తారు. ఖాళీ తెర వస్తుంది. చేతికి మొదట వచ్చేది ఊరి పేరే కాబట్టి ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఎల్, ఐ, ఎన్, జీ, ఏ, ఎల్, ఏ అని కొడతారు. తెర మీద చివరి ఐదక్షరాలే పడతాయి. లింగాల కాస్తా ‘న్గాల’ అవుతుంది. పులివెందుల అని కొడితే ‘వెందుల’ మిగులుతుంది. అన్నిటికంటే ప్రమాదం ప్రొద్దుటూరు. మ్యాపుల్లో ఉండే స్పెల్లింగుతో కొడితే చివరి మూడక్షరాలు, అంటే ‘టూర్’ మాత్రమే పడుతుంది. ఫైల్లో అంతకు ముందే ఏదైనా రాసి ఉంటే, కర్సర్ ఉన్న వరుస మొత్తం మాయమైపోతుంది కూడా.

కీబోర్డు చెడిపోలేదు. ఆ ఎడిటర్ తెరవగానే ప్రతి కీనీ అక్షరంగా కాకుండా ఆజ్ఞగా తీసుకుంటుంది. ఎల్ అంటే కుడికి జరగమని. ఐ అంటే ఇక్కడి నుంచి రాస్తానని. ఆ ఐ పడ్డాక కొట్టినవే అక్షరాలుగా కనబడతాయి. ప్రొద్దుటూరులో రెండు డీలు పక్కపక్కనే ఉన్నాయి. డీ రెండుసార్లు కొడితే ఈ వరుస కొట్టెయ్యమని అర్థం. అదీ సంగతి.

ఇంత మొండి పరికరాన్ని ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని వెతుక్కుంటూ వెళితే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. దీని పుట్టుకకు కారణమైన మనిషి కొత్తవాళ్ల కష్టం చూడలేక కలం పట్టినవాడే.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌ను మొదలుపెట్టాడు. దానికోసం రాసిన ఎడిటర్ పేరు ఈడీ. అప్పటికి చాలామంది చేతిలో ఉన్నది తెర కాదు, టెలిటైప్. టైపు మిషన్ లాంటి ఆ యంత్రం కాగితం మీద సెకనుకు పది అక్షరాలు కొట్టేది. అంత నిదానంగా నడిచే యంత్రంతో పని కాబట్టి ఈడీ ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడదు. ఫైలు తెరిస్తే అందులో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పి ఊరుకుంటుంది. ఫైల్లో ఏముందో చూడాలంటే ఫలానా వరుస అచ్చు వెయ్యమని మనమే అడగాలి. తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం చూపిస్తుంది. ఏం తప్పో చెప్పదు. థాంప్సన్‌కు అది చాలు. ఫైలంతా ఆయన బుర్రలో ఉండేది. కాగితం, యంత్రం ఉన్న స్థితికి ఆ పొదుపు న్యాయమే అంటాను నేను. కాకపోతే బుర్రలో ఫైలు మోయలేని వాళ్లు కూడా కంప్యూటర్ల దగ్గరికి వస్తున్నారు.

లండన్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో పాఠాలు చెప్పే జార్జ్ కులూరిస్ చూసింది వాళ్లనే. ఆ కాలేజీలోకి యూనిక్స్ వచ్చింది, తెర ఉన్న టెర్మినళ్లూ వచ్చాయి. తెర ముందు కూర్చుని కూడా ఈడీతో కాగితం కాలం నాటి తిప్పలే. రాసింది కనబడదు. కనబడనిదాన్ని దిద్దాలి. కులూరిస్ ఈడీని తీసుకుని, దిద్దాల్సిన వరుసను తెర మీద పెట్టి, కర్సర్ జరుపుతూ అక్కడికక్కడే మార్చే వీలు కల్పించాడు. అక్షరం కొట్టగానే మార్పు కళ్ల ముందు కనబడుతుంది. దానికి ఈఎమ్ అని పేరు పెట్టాడు. మానవమాత్రులకు పనికొచ్చే ఎడిటర్ అని ఆయన ఉద్దేశం.

ఇప్పుడు వింటే ఇదో పెద్ద విశేషమా అనిపిస్తుంది. అప్పట్లో మాత్రం దుబారా. యూనిక్స్ మామూలుగా ఎంటర్ కొట్టేదాకా ఆగి, వరుసంతా ఒక్కసారి తీసుకునేది. ఈఎమ్ ప్రతి కీకీ యంత్రాన్ని లేపుతుంది. ఎంతోమంది పంచుకుని వాడుకునే ఒకే ఒక్క కంప్యూటర్ మీద అది భారమే. థాంప్సన్ ఒకసారి లండన్ వచ్చి ఈఎమ్‌ను చూశాడు. ఇలాంటివి చూశానని, దిద్దేటప్పుడు ఫైలు ఎలా ఉందో కళ్లతో చూడాల్సిన అవసరం తనకు లేదని చెప్పాడట. యూనిక్స్ పుట్టించిన మనిషి నోట ఆ మాట వచ్చాక ఇంకొకరైతే మూటకట్టి అటక మీద పెట్టేవారు. కులూరిస్ పెట్టలేదు.

ఆ రోజుల్లోనే అట్లాంటిక్ అవతల మరో ఇద్దరు ఇదే చిక్కుముడిని ఇంకో కొసన పట్టుకున్నారు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బ్రావో అని ఒక గొప్ప ఎడిటర్ ఉండేది. దాంట్లోనూ ఆజ్ఞలు వేరు, రాత వేరు. ‘ఎడిట్’ అనే ఇంగ్లీషు మాట ఏమరుపాటున కొడితే మొదటి ‘ఈ’ అనే అక్షరానికి ఫైలంతా ఎంపికయ్యేది, డీకి చెరిగిపోయేది, ఐకి రాత మొదలయ్యేది, చివరి టీ మాత్రం తెర మీద మిగిలేది. పేజీలకు పేజీలు పోయి ఒక్క టీ! ప్రొద్దుటూరు పేరుతో మనకు జరిగిందీ ఈ వరసదే. లారీ టెస్లర్ అక్కడికి 1973లో చేరాడు. ఆయన చేసిన ఒక పరీక్ష నాకు ఈ కథంతటిలోనూ ఎక్కువ నచ్చిన ఘట్టం. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక సెక్రెటరీని ఏమీ లేని తెర ముందు కూర్చోబెట్టాడు. చేతికి ప్రూఫు దిద్దుళ్లున్న కాగితం ఇచ్చాడు. ఈ పేజీ ఆ తెర మీద ఉందనుకో, ఈ దిద్దుబాట్లు నువ్వెలా చేస్తావు అని అడిగాడు. ఆమె తడుముకోలేదు. ఇక్కడ మాట చేర్చాలి, కాబట్టి ఇక్కడ వేలు పెట్టి రాస్తాను. ఇది తీసెయ్యాలి, కాబట్టి దీని మీద గీత గీస్తాను అంది. టెస్లర్, టిమ్ మాట్ కలిసి 1970ల మధ్యలో జిప్సీ అనే ఎడిటర్ రాశారు. మౌస్‌తో చూపించు, రాయి; కత్తిరించు, అతికించు. ఈ రోజు మనం ఫోన్లో చేసే కట్, పేస్టులకు మూలం అక్కడే ఉంది. పని తెలిసి, యంత్రం తెలియని మనిషిని అడిగి ఎడిటర్‌ను కట్టారు.

జిప్సీ నడిచిన యంత్రాలు మాత్రం బయట అంతగా వ్యాపించలేదు. కాలేజీల్లో ఉన్నవి యూనిక్స్ టెర్మినళ్లే. కథ మళ్లీ కులూరిస్ దగ్గరికే వస్తుంది.

1976 వేసవిలో ఆయన కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి అతిథిగా వెళ్లాడు. వెంట ఒక టేపు తీసుకెళ్లాడు. అందులో ఈఎమ్ ఉంది. అక్కడివాళ్లకు చూపించాడు. కొందరు యంత్రాన్ని తినేస్తుందని పెదవి విరిచారు. చూసినవాళ్లలో బిల్ జాయ్ అనే విద్యార్థి ఉన్నాడు. అతనూ, తోటి విద్యార్థి చక్ హేలీ అప్పటికి ఒక పాస్కల్ ప్రోగ్రాం మీద పనిచేస్తూ ఈడీతో విసిగిపోయి ఉన్నారు. ఈఎమ్ వాళ్ల కళ్లకు వరంలా కనబడింది. దాన్ని తీసుకుని విప్పి, మళ్లీ బిగించి, పెంచుతూ పోయారు. ఈఎమ్ కాస్తా ఈఎన్ అయింది, ఆ తర్వాత ఈఎక్స్ అయింది. ఒక వరుస కాదు, తెర నిండా ఫైలు కనబడే అవతారం పేరే వీఐ. 1979లో బర్కిలీ రెండో విడుదలతో అది ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. ఆ వేసవి ప్రయాణం లేకపోతే, ఆ టేపు కులూరిస్ సంచిలోనే ఉండిపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం.

మరి కొత్తవాళ్ల కోసం పుట్టిన వంశంలో ఈ మొండితనం ఎలా వచ్చింది? జాయ్ ఇంట్లో ఉన్న సామాను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఏడీఎమ్ 3ఏ అనే టెర్మినల్, 300 బాడ్ మోడెం. టెలిఫోన్ తీగ మీద సెకనుకు ముప్పై అక్షరాలు వస్తాయి. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920. తెరంతా ఒక్కసారి కొత్తగా నింపాలంటే నిమిషం పైన పడుతుంది. అంత సన్నటి ధారలో ఎడిటర్ నడవాలంటే ఆజ్ఞలు ఒకటి రెండు అక్షరాలకు మించకూడదు, తెర మీద సలహాలు, మెనూలు ఉండకూడదు. మౌస్ లేదు. ఆ టెర్మినల్లో బాణం గుర్తులు వేరే కీల మీద కాక హెచ్, జే, కే, ఎల్ కీల మీదే అచ్చువేసి ఉండేవి. వీఐలో కర్సర్ జరపడానికి అవే అక్షరాలు స్థిరపడ్డాయి. నలభై ఏళ్ల కిందటే ఆ టెర్మినల్ మూలన పడింది. ఇడుపులపాయలో చదివే పిల్ల మాత్రం ఈ రోజుకీ ఎల్ కొట్టి కుడికి జరుగుతుంది.

ఇంకో సగం జవాబు విధి ఆడిన ఆట. 1978 డిసెంబరు ప్రాంతంలో బర్కిలీకి వ్యాక్స్ అనే కొత్త యంత్రం వచ్చింది. ఆపాటికే జాయ్ వీఐలో ఒకేసారి పలు కిటికీలు తెరుచుకునేలా పని మొదలుపెట్టి ఉన్నాడు. టేపు పరికరం చెడిపోయింది. కాపీలు తీసుకోవడానికి దారి లేకపోయినా పని ఆపలేదు. ఒక రోజు ప్రోగ్రాం ఉన్న ఫైలు చితికిపోయింది. కాగితం మీద పూర్తి ప్రతి కూడా లేదు. దాదాపు తిరగరాసిందంతా పోయింది. జాయ్ అక్కడితో ఆశ వదులుకున్నాడు. పాత రూపానికే వివరణలు రాసి, మాన్యువల్ ముగించి మూసేశాడు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఈ సంగతి తానే చెప్పుకున్నాడు. ఆ టేపు పరికరం బాగుండి ఉంటే వీఐ ఇంకొన్నేళ్లు పెరిగేది. కొత్తవాళ్ల గురించి కూడా ఎవరైనా ఆలోచించి ఉండేవారేమో.

ఈ లోపల ఎంఐటీలో 1976లోనే రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ చేతుల మీదుగా ఈమ్యాక్స్ పుట్టింది. అందులో వీఐకి ఉన్న చిక్కు లేదు. అక్షరం కొడితే అక్షరమే పడుతుంది. ఆజ్ఞలకు కంట్రోల్ కీ పట్టుకోవాలి. అయితే ఆ కలయికలు వందల కొద్దీ ఉంటాయి, కొత్తవాడికి వేళ్లు ముడిపడిపోతాయి. అయినా ఈమ్యాక్స్ వైపు నుంచి ఒక చక్కని సంఘటన మిగిలింది. హనీవెల్ సంస్థలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ 1978లో మల్టిక్స్ వ్యవస్థకు ఒక ఈమ్యాక్స్ రాశాడు. అతని ఆఫీసులోని సెక్రెటరీలు దాన్ని నేర్చుకున్నారు. ఎడిటర్‌ను తమకు కావలసినట్టు మార్చుకోవడం ఎలాగో చెప్పే మాన్యువల్ ఒకటి వాళ్లకిచ్చారు. అందులో ప్రోగ్రామింగ్ అనే మాట లేదు. ఉంటే భయపడేవాళ్లు. లేదు కాబట్టి ఆ ఆడవాళ్లు నిశ్చింతగా లిస్ప్ భాషలో ప్రోగ్రాములు రాస్తూ పోయారు. స్టాల్‌మన్ తన ఉపన్యాసంలో చెప్పిన ఈ సంగతి విన్నప్పుడల్లా మన పల్లెటూరి పిల్లలు గుర్తొస్తారు నాకు. ఫలానాది నీకు రాదు అని ముందే చెప్పకపోతే ఎంత దూరం పోతారో.

1980ల్లో ఇళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. వీఐ అలవాటైనవాళ్లు ఇంట్లోనూ అదే కావాలన్నారు. టిమ్ థాంప్సన్ 1987లో అటారీ యంత్రానికి స్టీవీ అని ఒక నకలు రాశాడు. అది అమీగా యంత్రానికి కూడా చేరింది. నెదర్లాండ్స్‌లో బ్రామ్ మూలెనార్ అనే ఇంజినీరు అమీగా కొనుక్కుని, తనకు నచ్చిన ఎడిటర్ దొరక్క, ఈ స్టీవీని పట్టుకుని బాగుచేయడం మొదలుపెట్టాడు. 1991 నవంబరులో, ఫ్రెడ్ ఫిష్ అనే ఆయన పంచే ఉచిత డిస్కుల్లో 591వ దాని మీద అది లోకంలోకి వచ్చింది. దాని పేరు విమ్. చేసిన పని వెనక్కి తీసుకునే సౌకర్యం వీఐలో ఒక్క మెట్టే. విమ్ ఎన్ని మెట్లైనా వెనక్కి పోనిచ్చింది. కొత్తవాడికి ఇంతకంటే మేలు ఇంకోటి లేదు. ప్రొద్దుటూరు కొట్టి వరుస పోగొట్టుకున్నవాడు ఎస్కేప్ నొక్కి యూ కొడుతూ పోతే పోయిన వరుస తిరిగి వస్తుంది.

అసలు ముడి వీడింది మరో చోట. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో మైకేల్ పియర్స్, రాబర్ట్ వేర్ కలిసి వీఐ నేర్పే ఒక పాఠం రాశారు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్ల్స్ స్మిత్ ఆలోచనలు వాళ్లకు తోడయ్యాయి. మూలెనార్ దాన్ని విమ్‌కు తగినట్టు మార్చి ఎడిటర్‌తో పాటే పంచిపెట్టాడు. ఈ పాఠంలో చదివి గుర్తుపెట్టుకోవలసింది ఏమీ ఉండదు. పాఠమే ఒక ఫైలు. టెర్మినల్లో విమ్‌ట్యూటర్ అని కొడితే ఆ ఫైలు నకలు ఒకటి ఎడిటర్లో తెరుచుకుంటుంది. చంద్రుడి మీదుగా దూకిన ఆవు గురించి ఒక వాక్యం ఉంటుంది అందులో. అక్షరాలు రెండేసి పడి చిందరవందరగా ఉంటుంది. బాణం గుర్తున్న ఆ వరుస మీదికి కర్సర్ తీసుకెళ్లి, ఎక్స్ కీతో అదనపు అక్షరాలు ఒక్కొక్కటే తీసెయ్యమంటుంది. నకలే కాబట్టి పాడుచేసినా ఫరవాలేదు. అరగంటలో పని మొత్తం చేతికొస్తుంది. కర్సర్ జరపడం మొదటి పాఠం. బయటికి ఎలా రావాలన్నది రెండోదే! ఆ వరస పెట్టినవాళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుని చూసినవాళ్లే అయి ఉంటారు.

ఎందుకంటే విమ్‌లోకి వెళ్లి బయటపడలేకపోవడం లోకమంతటా ఉన్న బాధ. ప్రోగ్రామర్ల సందేహాలు తీర్చే స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2012లో ఒకరు విమ్ నుంచి బయటికి రావడం ఎలాగని అడిగారు. 2017 నాటికి ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి పది లక్షల మంది వచ్చి జవాబు చూసుకున్నారు. ఫైల్లో ఏమీ మార్చకుండా ఉంటే ఎస్కేప్ నొక్కి, కోలన్ కొట్టి, క్యూ కొట్టి, ఎంటర్ నొక్కాలి. అంతే. కంగారులో జనం కంట్రోల్ పట్టుకుని సీ కొడతారని విమ్ రాసినవాళ్లు గమనించారు. ఇప్పుడు అలా కొడితే, బయటికి పోవాలంటే ఏం కొట్టాలో తెర అడుగున రాసి చూపిస్తుంది. ఏ ఫైలూ లేకుండా తెరిస్తే మొదటి తెర మీదే బయటికి దారి, సహాయానికి దారి రాసి ఉంటాయి. పక్కనే ఉగాండాలోని పేద పిల్లలకు సాయపడమన్న వినతి కూడా కనబడుతుంది. మూలెనార్ 1994లో కిబాలే అనే చోట నీళ్ల పనుల ఇంజినీరుగా ఏడాది ఉండి వచ్చాడు. ఆ తర్వాత ఎడిటర్‌కు వెల కట్టకుండా, ఇవ్వగలిగింది ఆ పిల్లలకు ఇవ్వమన్నాడు.

వీఐ తరహాను దిద్దడం కంటే పక్కకు తప్పుకోవడం మేలనుకున్నవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ పైన్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం కోసం పీకో అని చిన్న ఎడిటర్ చేశారు. తెర అడుగున రెండు వరుసల్లో ఏ కీ ఏం చేస్తుందో రాసి ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. దాని లైసెన్సు షరతులు డెబియన్ వంటి స్వేచ్ఛా పంపిణీలకు సరిపడలేదు. క్రిస్ అలెగ్రెట్టా 1999లో దానికి నకలు మొదటి నుంచి రాశాడు. 2000 జనవరిలో దాని పేరు నానో అయింది. ఫెడోరా లినక్స్ 2020లో తన 33వ విడుదల నుంచి మామూలు ఎడిటర్‌గా వీఐని తప్పించి నానోను పెట్టింది. 300 బాడ్ మోడెం కాలంలో ఆ రెండు వరుసలు తెర మీదికి రావడానికే ఐదు సెకన్లు పట్టేవి. తీగ వెడల్పయింది, కాబట్టి దయ చూపడానికి చోటు దొరికింది.

ఇక మన భాష సంగతి. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి ఏర్పరిచారు. ఆర్‌టీఎస్ అని దాన్నే అంటారు. తెలుగు కీబోర్డు రాని మనిషి కూడా చేతికొచ్చిన ఇంగ్లీషు కీలతో తెలుగు రాసుకోవచ్చన్నది దాని ధైర్యం. ఈమ్యాక్స్‌లో ఇప్పుడు తెలుగు టైపు చేసే పద్ధతులు లోపలే ఉన్నాయి. లోక భాషల పలకరింపులన్నీ చూపించే దాని ఫైల్లో ‘నమస్కారం’ తెలుగు లిపిలో పలుకుతుంది. మామూలు టెర్మినల్లో నడిచే ఎడిటర్లకు మాత్రం మన ఒత్తులు, గుణింతాలు కొరుకుడు పడవు. టెర్మినల్ అక్షరానికో గడి చొప్పున కేటాయిస్తుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులున్నాయి. కర్సర్ ఎక్కడ నిలబడాలో దానికి తేలదు.

2023 ఆగస్టు 3న మూలెనార్ 62 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ముప్పై ఏళ్ల పైబడి ఒక్కడే ప్రధానంగా మోసిన పనిని, చాలాకాలంగా తోడున్నవాళ్లు భుజానికెత్తుకున్నారు. 2024 జనవరిలో వచ్చిన 9.1 విడుదలను ఆయనకే అంకితం చేశారు.

విమ్‌ట్యూటర్ పాఠం చాలా భాషల్లోకి వెళ్లింది. ప్రతి భాషకూ ఒక్కో మామూలు అక్షరాల ఫైలు, పేరు చివర ఆ భాష గుర్తు. ఆజ్ఞ పక్కన భాష గుర్తు చేర్చి కొడితే ఆ భాషలో పాఠం తెరుచుకుంటుంది. అలాంటి ఫైలు తెలుగులో రాయడానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. మంచి తెలుగు, కొంత ఓపిక ఉంటే చాలు. ఆవు, చంద్రుడు కూడా అక్కరలేదు. లింగాల చీనీ తోటల గురించో, పార్నపల్లె దగ్గర నిండిన చిత్రావతి జలాశయం గురించో ఒక వాక్యం రాసి, దాన్ని కాస్త చెడగొట్టి, దిద్దమని పిల్లలకు ఇవ్వొచ్చు. ఇడుపులపాయ పిల్లలు నలుగురు కలిస్తే ఒక సెలవుల్లో అయిపోయే పని.